ఒక ముఖానికి ఒక కత్తి

మా ఇంట్లో అలమార పై అరలో ఒక చిన్న టేకు పెట్టె ఉంది. అందులో పదకొండు కత్తులున్నాయి. అన్నీ గడ్డం గీసుకునే కత్తులే. పూర్వం క్షౌరవృత్తి వారి పొదిలో కనిపించేవి, పిడిలోకి మడిచిపెట్టే పొడవాటి కత్తులు. తేమ తగలకుండా పలుచగా నూనె పూసి, పాత పంచె గుడ్డలో ఒక్కొక్కటిగా చుట్టి ఉంచాను. దాదాపు ఇరవై ఏళ్ళ పాటు వీటితోనే గడ్డం గీసుకున్నాను. ఇటీవల మానవలసి వచ్చింది. ఆ సంగతి చివర చెబుతాను.

ఆరోగ్యం గురించి రాసేవాడికి కత్తుల ప్రస్తావన ఎందుకని మీకు అనిపించవచ్చు. నెల రోజుల కిందట ఒక మిత్రుడు నన్నొక ప్రశ్న అడిగాడు. "సెలూన్‌లో నాకు కొత్త బ్లేడు వేస్తున్నారు కదా, ఇక రక్తం ద్వారా వచ్చే జబ్బుల భయం తీరినట్టేనా?" అన్నాడు. చాలావరకు తీరినట్టే అని చెప్పి పంపాను. తరువాత ఆలోచిస్తే ఆ సమాధానం సగమే అనిపించింది. మిగతా సగం చెప్పాలంటే ఈ పెట్టె తెరవక తప్పదు.

మా ఊరు రఘునాథపల్లి. హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్ళే దారిలో జనగామ దాటాక వస్తుంది. ఇప్పుడు జనగామ జిల్లా అంటున్నారు కాని, 2016 వరకు వరంగల్ జిల్లాయే. నా తరం వారికి నోటికి వచ్చేదీ అదే. నా బాల్యంలో మా వాడలో ఒక వేపచెట్టు కింద క్షౌరం జరిగేది. ఆ పని చేసే పెద్దాయనను మేమంతా తాత అని పిలిచేవాళ్ళం. మంగళవారం, శుక్రవారం తప్ప తక్కిన రోజుల్లో తెల్లవారగానే ఆయన పొది విప్పేవాడు. అందులో రెండు కత్తులు, ఒక కత్తెర, ఒక సానరాయి, ఒక తోలు ముక్క, పటిక, గోళ్ళు తీసే చిన్న పరికరం, మసకబారిన అద్దం ఉండేవి. పక్కన ఇత్తడి గిన్నెలో నీళ్ళు. సబ్బు వాడకం చాలా అరుదు.

సబ్బు లేకుండా గడ్డం ఎలా తెగేదని నేటివారు ఆశ్చర్యపోతారు. తాత నీళ్ళతో గడ్డాన్ని చాలాసేపు నానబెట్టేవాడు. బొటనవేలితో, అరచేతితో రుద్దుతూ ఊరి కబుర్లు చెప్పేవాడు. కబుర్ల కోసం రుద్దుతున్నాడని అప్పట్లో అనుకున్నాను. వెంట్రుక నీటిని పీల్చుకుని ఉబ్బి మెత్తబడితే దాన్ని కోయడానికి కావలసిన బలం బాగా తగ్గుతుందనీ, అందుకు రెండు మూడు నిమిషాలు పడుతుందనీ వైద్యుడినయ్యాక చదివాను. నేడు డబ్బాలోని నురుగు పూసి మరుక్షణమే గీసేసి, ఆ తరువాత మంట అంటూ నా దగ్గరికి వచ్చే యువకులకు ముందుగా ఇదే చెబుతాను. గడ్డం కింద మంటకూ, పొక్కులకూ సగం కారణం ఆ తొందరే.

కత్తి పెట్టే ముందు ఆయన దాన్ని తన ఎడమ అరచేతి మీద అటూ ఇటూ తిప్పుతూ నాలుగైదు సార్లు సాగదీసేవాడు. చప్ చప్‌మని ఒక చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు వినిపించగానే చిన్నపిల్లలం బిగుసుకుపోయేవాళ్ళం. ఆ తరువాత నొప్పి తెలిసేది కాదు. నురుగూ వెంట్రుకలూ ముంజేతి మీద తుడుచుకునేవాడు. పని అయ్యాక పటిక తడిపి ముఖమంతా రుద్దేవాడు. లేచినవాడి స్థానంలో మరొకడు కూర్చునేవాడు. కత్తిని గిన్నెలో ఒకసారి ముంచి తీసేవాడు. అదే కత్తి, అదే నీళ్ళు, అదే పటిక. పొద్దెక్కేసరికి పది పన్నెండు ముఖాలు అయ్యేవి.

ఎవరూ అప్పటికప్పుడు డబ్బు ఇచ్చేవారు కాదు. పంట కళ్ళానికి వచ్చినప్పుడు ఇంటికి ఇన్ని కుంచాలని ధాన్యం కొలిచేవారు. అంతకు ముందు, దొరల కాలంలో, అదీ లేని వెట్టి ఉండేదని మా నాయన చెప్పేవాడు. దొర గడీలో క్షౌరం చేయాలి, కాళ్ళు పిసకాలి, పెళ్ళిళ్ళకు సన్నాయి ఊదాలి, అడగడానికి లేదు. 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణం పోయిన పోరాటానికి ఆ వెట్టి కూడా ఒక కారణం. అది వేరే కథ. ఒక్క మాట మాత్రం ఇక్కడ చెప్పాలి: అనేక గ్రామాలలో కురుపు కోసేదీ, ముల్లు తీసేదీ క్షౌరవృత్తి వారే, పురుడు పోసేది ఆ ఇంటి ఆడవారు. ఇంగ్లండులో 1540 నుంచి 1745 వరకు మంగలివారూ శస్త్రవైద్యులూ ఒకే సంఘంలో ఉన్నారు. ఆ లెక్కన మా తాత నా వృత్తికి పూర్వికుడే.

ఇక నా సేకరణ సంగతి. పెట్టెలోని పదకొండింటిలో పది నేను కొన్నవి. హైదరాబాద్‌లో గురువారం నాడు జరిగే జుమేరాత్ బజార్‌లో మూడు, ఎర్రగడ్డ ఆదివారం సంతలో రెండు, మిగిలినవి అక్కడక్కడా పాత ఇనుము కొనేవారి దగ్గర దొరికాయి. అమ్మేవారికి వాటి విలువ తెలియక కాదు, నాలాంటి పిచ్చివాడు వస్తాడని తెలియక చవకగా ఇచ్చారు. ఎక్కువ భాగం జర్మనీలోని జోలింగెన్ పట్టణంలో చేసినవి. రెండు మాత్రం ఇంగ్లండులోని షెఫీల్డ్‌వి. వాటిలో ఒకదాని మీద జోసెఫ్ రాజర్స్ సంస్థ ముద్రలైన నక్షత్రమూ, మాల్టా శిలువా ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తాయి.

ఈ కత్తిలో భాగాలు మూడు. పైన మందంగా ఉండేది వెన్ను. కింద వెంట్రుక కన్నా పలుచనైనది వాదర. ఆ రెంటి మధ్య రెండు వైపులా లోపలికి వంపుగా, గుల్లగా సాన పట్టిన అలుగు. ఇందులో ఒక తెలివి దాగి ఉంది. రాయి మీద వెన్ను, వాదర రెండూ ఆనేలా పడుకోబెట్టి రుద్దితే చాలు, కోణం దానంతట అదే సరిగ్గా వస్తుంది. నూరేవాడి చేయి తడబడినా కత్తి తడబడదు. కాబట్టి పాత కత్తి కొనేటప్పుడు నేను ముందుగా వెన్ను చూస్తాను. వెన్ను ఒకవైపు ఎక్కువగా అరిగి చదునైపోతే, ఎవరో ఓపిక లేనివారు రాయి మీద చంపిన కత్తి అది. తరువాత వాదరను వెలుతురుకు ఎదురుగా పెట్టి బీటలు చూస్తాను. తుప్పు పైపైన ఉంటే భయం లేదు. వాదర దగ్గర చిన్న నల్లని గుంటలుంటే ఎంత నూరినా లాభం లేదు. సెల్యులాయిడ్ పిడి కొన్నేళ్ళకు తనలో తాను కుళ్ళి, ఆ ఆవిరితో పక్కనున్న ఉక్కును తినేస్తుంది. అలాంటి కత్తిని తక్కినవాటితో కలిపి పెట్టకూడదు. ఏనుగు దంతపు పిడి అని ఎవరైనా ఆశ చూపితే వెంటనే వెనుదిరగండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి తరువాత వచ్చిన సవరణల ప్రకారం ఆ క్రయవిక్రయం నేరం.

షెఫీల్డ్ కత్తిని చేతిలోకి తీసుకున్నప్పుడల్లా నాకు నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం గుర్తుకు వస్తుంది. అక్కడ మట్టి మూసలలో ఇనుమును పెట్టి మూసి, రోజంతా కొలిమిలో కాల్చి ఉక్కు ముద్దలు తీసేవారు. ఇస్ఫహాన్ నుంచి పారశీక వర్తకులు వచ్చి వాటిని కొనుక్కుని పోయేవారు. 1820 ప్రాంతంలో ఆ పని స్వయంగా చూసి వివరంగా రాసినవాడు హెన్రీ వాయిసీ. ఆయన భూగర్భ శాస్త్రజ్ఞుడిగా పేరుపొందినా వృత్తిరీత్యా వైద్యుడే. ఆయన చనిపోయిన కొన్నేళ్ళకు, 1832లో, ఆ రచన కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడింది. మన ఉక్కు అనే మాటే ఇంగ్లీషువారి నోట 'వూట్జ్' అయిందని పండితులు చెబుతారు. 1795లో జార్జ్ పియర్సన్ అనే మరో వైద్యుడు లండన్‌లోని రాయల్ సొసైటీకి ఆ ఉక్కు గురించి పత్రం సమర్పించాడు. లండన్‌లో జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారు ఉండేవాడు. శస్త్రచికిత్స పరికరాలనూ గడ్డం కత్తులనూ భారతదేశపు వూట్జ్‌తో చేస్తాననీ, ఎన్నో ఏళ్ళు పోల్చి చూశాక ఐరోపాలోని మేలైన ఉక్కు కన్నా దాన్నే ఇష్టపడుతున్నాననీ ఆయన తన దుకాణం కార్డు మీద అచ్చు వేయించుకున్నాడు. ఆ ఉక్కు రహస్యం తెలుసుకోవాలని ఆయనా, యువకుడైన మైకేల్ ఫారడే కలిసి 1820లో ప్రయోగాలు ప్రచురించారు. ఒకే దుకాణంలో, ఒకే ఉక్కుతో, వైద్యుడి కత్తీ మంగలి కత్తీ తయారయ్యాయన్న మాట. నా పెట్టెలోని కత్తిలో దక్కను ఉక్కు ఉందని నేను అనను. అది కర్మాగారపు ఉక్కే. అయినా గుర్తుకు రావడాన్ని ఎవరాపగలరు?

ఇప్పుడు నా మిత్రుడి ప్రశ్న.

ఎంత నేర్పుగా గీసినా గడ్డం గీయడమంటే చర్మపు పై పొరను కొంత చెక్కడమే. కంటికి కనిపించని గాట్లు పడతాయి. ఆ గాటులోంచి వాదర మీదికి చేరే రక్తం చుక్కంత కూడా ఉండనక్కరలేదు. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తంలో, గది ఉష్ణోగ్రతలో, కనీసం 7 రోజులు బతికి ఉండి జబ్బు కలిగించగలదు. హెచ్.ఐ.వి. అంత గట్టిది కాదు. బయటి గాలిలో త్వరగా బలహీనపడుతుంది. ఆసుపత్రులలో రోగికి గుచ్చిన సూది పొరపాటున సిబ్బందికి గుచ్చుకున్న సందర్భాల లెక్క చూడండి. టీకా లేనివారిలో హెపటైటిస్ బి సోకే అవకాశం నూటికి 30 వరకు ఉంటుంది, హెపటైటిస్ సి నూటికి సుమారు 2, హెచ్.ఐ.వి. వెయ్యికి 3. గడ్డం కత్తి లోపల బోలుగా ఉన్న సూది కాదు కనుక ఈ అంకెలు దానికి యథాతథంగా వర్తించవు. కాని వరుస మాత్రం అదే. మన జనం క్షౌరశాలలో భయపడేది మూడవదానికి, భయపడవలసింది మొదటిదానికి.

రక్తంతో పని లేనివి కూడా కొన్ని ఉన్నాయి. గడ్డం కుదుళ్ళలో చీము పొక్కులు, గడ్డంలో తామర, ముఖం మీద చదునైన పులిపిర్లు. ఆ పులిపిర్లు కత్తి నడిచిన దారిలోనే గీత గీసినట్టు వరుసగా మొలుస్తాయి. ఔట్‌పేషెంట్ గదిలో ఆ వరుసను చూడగానే రోగిని ఇంకేమీ అడగనవసరం ఉండేది కాదు. పై పెదవి మీద, ముక్కు పక్కన లేచిన కురుపును మాత్రం ఎన్నడూ గీయకండి, నొక్కకండి. అక్కడి సిరలకు మెదడు అడుగున ఉన్న సిరలతో సంబంధం ఉంది.

వీటన్నిటికీ పరిష్కారం కత్తిని శుద్ధి చేయడమే కదా అంటారు. ఇక్కడే చిక్కు. నీళ్ళలో ముంచితే శుద్ధి కాదు. డెటాల్ గుడ్డతో తుడిస్తే కాదు. స్పిరిట్‌లో ఒకసారి ముంచి తీస్తే కాదు. మేము ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో చేసినట్టు 20 నిమిషాలు మరిగించాలి, లేదా ఆవిరి యంత్రంలో పెట్టాలి, లేదా బ్లీచింగ్ ద్రావణంలో నానబెట్టాలి. ఇవన్నీ వైరస్‌ను చంపుతాయి. కత్తిని కూడా చంపుతాయి. పాత కత్తి తుప్పు పట్టని ఉక్కు కాదు. ఒక్క రోజు బ్లీచింగ్ చాలు, వాదర పోతుంది. కొమ్ము పిడి వేడికి పగులుతుంది. రోజుకు పన్నెండు ముఖాలు గీసే కత్తిని పన్నెండుసార్లు మరిగించడం ఏ వేపచెట్టు కింద సాధ్యం? అందుకే ఈ కత్తి అంగడిలో నుంచి పోవలసి వచ్చింది. లోపం కత్తిలో లేదు. ఒకే ముఖానికి వాడే కత్తి నేటికీ నిక్షేపమైనదే. దాన్ని పదిమందికి తిప్పడంలోనే ప్రమాదమంతా ఉంది.

ఈ మాట నేను ఎప్పుడో చెప్పి ఉండవలసింది. ఎక్కడ చెప్పలేదో కూడా రాస్తున్నాను.

1970ల చివర నేనొక తాలూకా ఆసుపత్రిలో పనిచేశాను. దాని పేరు అనవసరం. ఆ రోజుల్లో శస్త్రచికిత్సకు ముందు రోజు సాయంత్రం ఒక క్షౌరకుడు వార్డులోకి వచ్చి, మరునాటి జాబితాలో ఉన్నవారందరికీ వరుసగా వెంట్రుకలు తీసేవాడు. గిలక వాపు, వరిబీజం, మొలలు, ఏదైనా సరే. అందరికీ ఒకే కత్తి. అతడు వచ్చి వెళ్ళాడని కేసు షీటులో సంతకం చేసేది నేను. థియేటర్‌లో మా చేతి తొడుగులు, గుడ్డలు, పరికరాలు అన్నీ ఆవిరి పట్టి వచ్చేవి. వార్డులోని ఆ కత్తిని గురించి ఎవరం ఆలోచించలేదు. పాఠ్యపుస్తకం అలా చెప్పింది, పెద్దలు అలా చేశారు.

ఒక రైతు, ముప్పై అయిదేళ్ళవాడు, గిలక వాపుకు శస్త్రచికిత్స చేయించుకుని వెళ్ళాడు. మూడు నెలల తరువాత కళ్ళు పచ్చబడి తిరిగి వచ్చాడు. హెపటైటిస్ బి ఒంట్లో చేరాక బయటపడడానికి ఆరు వారాల నుంచి ఆరు నెలల దాకా పడుతుంది, లెక్క సరిపోయింది. ఆ వైరస్ ఆనవాలును బ్లూంబర్గ్ 1965లోనే లోకానికి తెలిపాడు, 1976లో ఆయనకు నోబెల్ బహుమానమూ వచ్చింది. మా తాలూకాకు ఆ పరీక్ష రాలేదు. ఆ జబ్బు అతనికి కత్తి వల్ల వచ్చిందో, ఉడకబెట్టి వాడే గాజు సిరంజి వల్ల వచ్చిందో, అసలు హెపటైటిస్ బి అవునో కాదో నేను నిరూపించలేను. అతను బతికాడు. కాని ఆ జాబితాలో అతని కన్నా ముందు పేరు ఎవరిదని ఆ రాత్రి నేను రిజిస్టరు తీసి చూశాను. ముందు పేరు గల మనిషికి అంతకు ముందు ఏడాది కామెర్లు వచ్చి తగ్గినట్టు నా చేతిరాతతోనే రాసి ఉంది. మరునాడు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చిన్న ఉద్యోగిని, కొత్తవాడిని అని నాకు నేను చెప్పుకున్నాను. సాయంత్రం మళ్ళీ సంతకం పెట్టాను.

ఆ క్షౌరం వల్ల మేలు ఏమైనా ఉందా అంటే, కీడే ఎక్కువ. 1971లోనే సెరోపియన్, రేనాల్డ్స్ అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు లెక్క తేల్చారు. కత్తితో గీసినవారిలో గాయం చీము పట్టడం నూటికి 5.6, గీయకుండా వదిలేసినవారిలో, మందు పూసి వెంట్రుకలు రాల్చినవారిలో 0.6 మాత్రమే. సరిగ్గా శస్త్రచికిత్సకు ముందు గీస్తే 3.1, ముందు రోజు గీస్తే 7.1, ఇంకా ముందుగా గీస్తే 20కి పైన. రాత్రంతా ఆ చిన్న గాట్లలో సూక్ష్మజీవులు పెరుగుతాయి, అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో స్పష్టంగా చెప్పింది: శస్త్రచికిత్సకు ముందు వెంట్రుకలు తీయకండి, తప్పనిసరైతే క్లిప్పర్‌తో కత్తిరించండి, గీయనే వద్దు. నేటికీ మీ ఇంట్లో ఎవరికైనా శస్త్రచికిత్స ఉంటే, ముందు రోజే ఇంటి దగ్గర గీయించుకుని రమ్మని ఎవరైనా చెబితే, మర్యాదగా కారణం అడగండి.

1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఆ మరుసటి ఏడాది నేను మా ప్రాంతంలోనే ఆరోగ్య కేంద్రంలో ఉన్నాను. చుట్టుపక్కల ఊళ్ళలోని క్షౌరవృత్తి వారిని పిలిచి పాఠం చెప్పమని ఉత్తర్వు వచ్చింది. పాఠశాల వరండాలో చాప మీద ఇరవై మంది దాకా కూర్చున్నారు. ముందు వరుసలో మా తాత ఉన్నాడు. అప్పటికి డెబ్బై దాటినవాడు. నేను గోడకు బొమ్మ తగిలించి, పాత కత్తి మానండి, బ్లేడు బిగించే కత్తి కొనండి, మనిషికొక సగం బ్లేడు వాడండి అని చెప్పాను. అందరూ తల ఊపారు. తాత మాత్రం లేచి నిలబడ్డాడు.

"బిడ్డా, గిదే కత్తితోటి నీ పుట్టెంటుకలు తీసిన. గిదే కత్తితోటి మీ నాయినకు చేసిన. మీకేమన్న రోగమొచ్చిందా?"

"రాలేదు తాతా."

"మరి గిన్నేండ్ల సంది లేని రోగం ఇయ్యాల నా కత్తిల ఎట్ల సొచ్చింది?"

వరండాలో అందరూ నవ్వారు. నేను కూడా నవ్వి, వైరస్ గురించి మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. రాలేదని మనకెలా తెలుసు తాతా, ఎవరు లెక్కపెట్టారు అని అనవలసింది. ఆ రిజిస్టరు మనసులో మెదిలింది. అది నోటికి రాలేదు. ఆసుపత్రిలో అడగని ప్రశ్నను వేపచెట్టు కింది మనిషిని అడగడం నాకు సిగ్గనిపించింది.

మరొక తప్పు కూడా చేశాను. కొత్త కత్తి కొనడానికి డబ్బు కావాలి. మనిషి మనిషికీ బ్లేడు అంటే రోజూ ఖర్చు. ఆయనకు వచ్చేది ఏడాదికోసారి ధాన్యం. బ్లేడు డబ్బు ఎవరిస్తారని నేను చెప్పలేదు, ఉత్తర్వులోనూ లేదు. మా ఆరోగ్యం బాగుండడానికి ఖర్చు ఆయన నెత్తిన పెట్టి వచ్చాం.

రెండు నెలలు గడిచాయి. ఒకనాటి పొద్దున తాత మా ఇంటి గుమ్మంలోకి వచ్చాడు. గుడ్డలో చుట్టిన కత్తి నా చేతిలో పెట్టాడు. మనవడు సెలూన్ పెడుతున్నాడనీ, వాడు బ్లేడు కత్తే పట్టుకుంటాడనీ చెప్పాడు. "పారేద్దామంటె పానమొప్పలే. నువ్వుంచుకో బిడ్డా. నీదొక్క మొఖమే గద, ఏం కాదు" అన్నాడు. నా గంట పాఠంలో నేను చెప్పలేకపోయిన మాట అది. పెట్టెలో పదకొండవది, అంటే అసలు మొదటిది, అదే. దాని మీద ఏ ఊరి ముద్రా లేదు. నూరి నూరి వెడల్పు సగమైంది. వెన్ను మాత్రం రెండు వైపులా సమానంగా అరిగింది. తక్కిన పదింటిలో ఒక్కదాని వెన్ను కూడా అంత సమంగా లేదు. పదేళ్ళు దాన్ని ఊరికే దాచాను. ఆ తరువాత నేర్చుకుందామనిపించి, సానరాయి, తోలు పట్టీ కొని మొదలుపెట్టాను.

మొదటి నెల నా ముఖం చూసి మా ఆవిడ భయపడింది. కత్తిని చర్మానికి ముప్పై డిగ్రీలకు మించకుండా వాల్చాలి, ఎడమచేత్తో చర్మాన్ని సాగదీయాలి, నొక్కకూడదు. శస్త్రవైద్యుడికి ఇవి చెప్పనవసరం లేదనుకున్నాను. తన ముఖం తానే కోసుకోవడం వేరే విద్య అని తెలిసింది. తోలు మీద సాగదీసేటప్పుడు ఎప్పుడూ వెన్ను ముందు నడవాలి, వాదర వెనక రావాలి. తిరగేస్తే తోలు తెగుతుంది, లేదా వేలు తెగుతుంది. అమెరికన్ రచయిత థోరో అన్న జాన్, కత్తి సాగదీస్తూ వేలికి చిన్న గాటు పెట్టుకుని, 1842 జనవరిలో ధనుర్వాతంతో చనిపోయాడు. పదేళ్ళకొకసారి ధనుర్వాతం టీకా వేయించుకోమని నేను ఎవరికి చెప్పినా ఆ మరణమే గుర్తుకు వస్తుంది.

మిత్రుడికి ఇవ్వవలసిన మిగతా సగం సమాధానం ఇది. బ్లేడు మారుతుంది, సంతోషం. కొత్త బ్లేడును కాగితంలోంచి మీ కళ్ళ ముందు తీస్తున్నారా చూడండి. ఆ తరువాత పటిక చూడండి. గాటు పడిన ముఖాల మీద పొద్దుటి నుంచి తిరుగుతున్న ఆ తడి గడ్డ ఎవరూ మార్చని పాత కత్తి లాంటిదే. ఒక పటిక ముక్కను ఇంటి నుంచి జేబులో వేసుకుని వెళ్ళండి, పది రూపాయల పని. తువాలు మీదే తీసుకెళ్ళండి. కుచ్చు బ్రష్షుకు బదులు చేత్తో నురుగు పూయమనండి. ఇంట్లో తండ్రీ కొడుకులు ఒకే రేజర్ వాడే అలవాటు ఉంటే అది కూడా అంగడే అనుకోండి. అన్నిటికన్నా ముఖ్యం టీకా. సార్వత్రిక టీకా కార్యక్రమంలో హెపటైటిస్ బి 2002లో కొన్నిచోట్ల మొదలై 2011 నాటికి దేశమంతటికీ వచ్చింది. కనుక నేడు ఇరవై అయిదు దాటినవారిలో చాలామందికి అది పడి ఉండదు. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ మన దేశంలోనే ఆ టీకా తయారుచేశాక ధర బాగా తగ్గింది. మూడు మోతాదులు: మొదటిది, నెలకు రెండవది, ఆరు నెలలకు మూడవది. క్షౌరవృత్తిలో ఉన్నవారు తప్పక వేయించుకోవాలి. కస్టమర్ కన్నా ఎక్కువగా చేతులు కోసుకునేది వారే.

నేను కత్తి ఎందుకు మానానో చెబుతానన్నాను. రెండేళ్ళ కిందట గుండె నాళంలో స్టెంట్ వేశారు. రక్తం గడ్డకట్టకుండా రెండు మాత్రలు వాడుతున్నాను. చిన్న గాటు పడినా పావుగంట నొక్కి పట్టుకోవాలి. పైగా కుడిచేతికి వయసుతో వచ్చే వణుకు మొదలైంది. కాఫీ కప్పుతో వణుకుతున్న చేయి కత్తితో వణకదా? నా దగ్గరికి ఇలాంటి రోగి వస్తే ఏమి చెబుతానో అదే నాకు చెప్పుకుని, కొన్నాళ్ళు వినలేదు. చెవి కింద ఒకసారి తెగి, దిండు తడిశాక విన్నాను.

ఇప్పుడు రహదారి పక్కన ఉన్న తాత మనవడి సెలూన్‌కే వెళుతున్నాను. అతనికీ యాభై దాటింది. సగం బ్లేడును నా ఎదుటే విరిచి బిగిస్తాడు. మొదటిరోజు నేను జేబులోంచి నా పటిక తీస్తే నొచ్చుకున్నాడు. ఇప్పుడు మరికొందరు కూడా తెచ్చుకుంటున్నారని నవ్వుతూ చెప్పాడు. టీకా మూడవ మోతాదు కిందటి నెల పూర్తయింది.

తాత కత్తి సంగతి అతనికి తెలియదట. పోయిన మంగళవారం సెలూన్ మూసి మా ఇంటికి వచ్చాడు. గుడ్డ విప్పి చేతిలో పెట్టాను. చాలాసేపు వాదర వైపు చూడకుండా పిడి వైపే చూశాడు. "మా తాత అరచేతి మీద చప్ చప్ అనిపిస్తుండె సార్, నాకు యాదికున్నది" అన్నాడు. అరచేతి మీద వద్దని తోలు పట్టీని కిటికీ ఊచకు తగిలించి ఇచ్చాను. ముప్పై ఏళ్ళుగా బ్లేడు పట్టిన చేయి. వాదరను ముందుకు నడిపాడు. తోలు మీద వేలెడంత చీలిక పడింది. నొచ్చుకుని పట్టీకి డబ్బు ఇస్తానన్నాడు. వద్దన్నాను. పట్టీని తిప్పి రెండోవైపు తగిలించి, వెన్ను ముందు, అని చూపించబోయాను. నా చేయి వణికింది. అతనే నా చేతిలోంచి కత్తి తీసుకుని, మెల్లగా, నేను చెప్పినట్టు, రెండుసార్లు సాగదీశాడు. వచ్చే మంగళవారం మళ్ళీ వస్తానన్నాడు.